పాత ఎన్నికల బ్యాడ్జీ ఏ కాలానిదో, ఎక్కడిదో గుర్తించడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని పాత ఇళ్లలో ఎన్నికల రేకు బ్యాడ్జీలు అప్పుడప్పుడు బయటపడుతుంటాయి. మెరుపు కోసం దయచేసి వాటిని చింతపండుతో తోమకండి. తడి లోపలికి దిగితే కాగితం మరకపడి, మనం వెతుకుతున్న ఆధారమే చెరిగిపోతుంది. పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు.

ముందుగా ఎన్నికల గుర్తు చూడండి. కాంగ్రెస్ కాడెద్దులు ఉంటే అది 1971 లోక్‌సభ ఎన్నికలకు ముందుది. ఆ ఎన్నికల్లో ఇందిరా గాంధీ పక్షానికి ఆవు-దూడ, 1978లో హస్తం వచ్చాయి. నక్షత్రం 1959లో పుట్టిన స్వతంత్ర పార్టీది. ఆ పార్టీ నాయకుడు, శ్రీకాకుళం జిల్లాకు చెందిన గౌతు లచ్చన్న గారి పేరుతో పాటు నక్షత్రం ఉన్న బ్యాడ్జీ దొరికితే అది మన ప్రాంత చరిత్రకు ఎంతో విలువైనది. తెలుగుదేశం సైకిల్ 1982కు ముందు ఉండే అవకాశం లేదు. అయితే హస్తం, సైకిల్ నేటికీ వాడుకలో ఉన్నాయి కనుక, అవి కనిపించగానే బ్యాడ్జీ పాతదని నిర్ణయించకూడదు.

అందుకే తరువాత ఊరి పేరు, జిల్లా పేరు జాగ్రత్తగా చదవాలి. నా దృష్టిలో అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఇదే. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. కాబట్టి పార్వతీపురాన్నో చీపురుపల్లినో శ్రీకాకుళం జిల్లాగా చూపిన బ్యాడ్జీ అంతకు ముందుదే అయి ఉంటుంది. 2008 పునర్విభజనలో సోంపేట, భోగాపురం నియోజకవర్గాలు రద్దయ్యాయి, నెల్లిమర్ల కొత్తగా వచ్చింది. బ్యాడ్జీలు చుట్టి ఉంచిన కవరుపై ప్రెస్సు చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే, ఆ కవరు 1972 ఆగస్టు 15 తరువాతిది.

ఇక తిప్పి వెనుక వైపు, అంచు చూడండి. ముద్రించిన కాగితంపై పారదర్శకమైన పొర పరచి రేకుకు బిగించే పద్ధతికి 1896లో అమెరికాలోని వైట్‌హెడ్ అండ్ హోగ్ కంపెనీ పేటెంట్ పొందింది. ఈ రకంలో అంచు మడత దగ్గర పొర, కాగితం విడివిడిగా కనిపిస్తాయి. నేరుగా రేకుపై అచ్చువేసిన దానిలో రంగు గీసుకుపోయిన చోట లోహం మెరుస్తుంది. పాతదని చెబుతున్న బ్యాడ్జీలో కాగితం తెల్లగా, పిన్నీసు తుప్పు లేకుండా ఉంటే అనుమానించాలి.

చివరగా అభ్యర్థి పేరును ఎన్నికల సంఘం గణాంక నివేదికల్లోని నియోజకవర్గ జాబితాలతో సరిచూడండి. అదే అభ్యర్థి అదే గుర్తుపై రెండుసార్లు పోటీచేసి ఉంటే, ఊహించి ఒకటి ఎంచుకోకుండా రెండు సంవత్సరాలనూ రాసిపెట్టండి.