రచయితను పిలిచే ముందు పుస్తకం చదివించండి: కాలేజీ, ఊరు కలిసి ఒకే పుస్తకం చదవడం ఎలా

నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. మేం మొదటిసారి ఈ కార్యక్రమం పెట్టినప్పుడు రచయిత్రి రాత్రంతా రైలు ప్రయాణం చేసి వచ్చారు. వేదిక మీద పదకొండు కుర్చీలు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, ఒక్కొక్కరి ప్రసంగం, శాలువాలు, జ్ఞాపికలు అన్నీ అయ్యేసరికి ఒంటిగంట దాటింది. అప్పుడు ఆవిడ మైకు అందుకుని, “ఈ పుస్తకం ఎంతమంది చదివారమ్మా?” అని అడిగారు. రెండొందల మంది ఉన్న హాల్లో నాలుగు చేతులు లేచాయి. మిగతా వాళ్లంతా అటెండెన్స్ వేస్తామంటే వచ్చి కూర్చున్నవాళ్లే. తప్పు పిల్లలది కాదు, పుస్తకం వాళ్ల చేతికి ఇవ్వకుండా సభకు పిలిచిన మాది.

అందుకే ముందు ఈ మాట చెప్తున్నా. రచయిత రావడం చివరి రోజు పని. దానికి ముందు రెండు నెలలు జనం చదవాలి. చదివించగలిగితే సభ సగం దానంతటదే నడుస్తుంది, చదివించలేకపోతే ఎంత పెద్ద రచయిత వచ్చినా అది ఇంకో సన్మాన సభే.

ఊరంతా ఒకే పుస్తకం చదవడం 1998లో అమెరికాలోని సియాటిల్‌లో న్యాన్సీ పెర్ల్ అనే లైబ్రేరియన్ మొదలుపెట్టిన పద్ధతి. 2001లో షికాగో అందుకుంది, తర్వాత అక్కడ చాలా ఊళ్లకు పాకింది. అక్కడి కాలేజీల్లో కొన్ని, కొత్తగా చేరే పిల్లలకు క్లాసులు మొదలు కాకముందే ఒక పుస్తకం చెప్పి చదువుకుని రమ్మంటాయి. మనకూ ఇది మరీ కొత్తేం కాదు. 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిపించిన అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్లు పుస్తకాన్ని ఊరి సొత్తుగా చూశారు. కావలసింది ఓపిక, ఒక క్యాలెండరు, కాసిని డబ్బులు.

పుస్తకం ఎంపిక దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు. గొప్ప పుస్తకమే కావాలని పట్టుబట్టి నాలుగొందల పేజీలది తీసుకుంటే అది యాభయ్యో పేజీ దగ్గర ఆగిపోతుంది. 150 నుంచి 200 పేజీల నవలో, కథల సంపుటో తీసుకోండి. కథలైతే ఇంకా మంచిది, ఒకటి వదిలేసినా ఇంకొకటి చదువుతారు. సొంతంగా పుస్తకం చదవడం ఇదే మొదలు అనే పిల్లలు మన క్లాసుల్లో సగం మంది పైనే ఉంటారు, వాళ్లని మనసులో పెట్టుకోండి. పుస్తకం మార్కెట్లో దొరుకుతోందో లేదో ప్రచురణకర్తకు ఫోన్ చేసి కనుక్కోండి. ఎంపిక ఒక్కరే చేయకండి. మా కమిటీలో ఇద్దరు లెక్చరర్లు, నలుగురు పిల్లలు, శాఖా గ్రంథాలయం లైబ్రేరియన్ గారు ఉంటారు. అందరూ మూడు పుస్తకాలు పూర్తిగా చదివాకే ఓటు. చదవకుండా ఓటు వేయడం మాత్రం ఒప్పుకోం.

సమయం విషయానికొస్తే, మేం ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం రోజు పుస్తకాలు పంచి, నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో రచయితను పిలుస్తాం. మధ్యలో దసరా సెలవులు కలిసొస్తాయి, పుస్తకం ఇంటికి వెళ్తుంది, అమ్మలూ తాతయ్యలూ చదువుతారు. ఒక చిక్కు ఉంది. ఆ వారంలో రచయితలకు పిలుపులు చాలా వస్తాయి, అందుకని జూలైలోనే అడగాలి. మిడ్ ఎగ్జామ్స్ తేదీలు చూసుకోకుండా ఏదీ ఖాయం చేయకండి, పరీక్షల టెన్షన్‌లో ఉన్న పిల్ల కథ చదవదు.

డబ్బు లెక్క భయపడేంత పెద్దది కాదు. 150 రూపాయల పుస్తకం 40 కాపీలంటే 6,000, ఎక్కువ కాపీలు తీసుకుంటున్నాం అంటే ఎంతోకొంత తగ్గిస్తారు కూడా. కట్ట ఆర్టీసీ కార్గోలో వచ్చేస్తుంది. ఒక్కో కాపీ ముగ్గురి చేతులు మారితే 120 మంది చదివినట్టే. పూర్వ విద్యార్థులను “ఒక పుస్తకం మీ పేరున కొనండి” అని అడగండి, మొత్తంగా ఆరు వేలు ఇమ్మంటే వెనకాడేవాళ్లు కూడా ఒక పుస్తకానికి వెంటనే పంపిస్తారు. శాఖా గ్రంథాలయాన్ని మొహమాటం లేకుండా కలుపుకోండి, మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతోంది, అది మనదే. పుస్తకం మొత్తం జిరాక్స్ తీయించడం, పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మాత్రం వద్దు. ఆ రచయితనే రేపు మన ముందు కూర్చోబెడుతున్నాం కదా. చూపు లేని విద్యార్థుల కోసం చదివి ఆడియో చేయడం వేరు, 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ దానికి వీలు కల్పించింది. మా పిల్లలు ఫోన్లోనే రికార్డు చేశారు.

ప్రతి పుస్తకం చివరి అట్ట లోపల ఒక తెల్ల కాగితం అంటించండి. చదివినవాళ్లు పేరు, తేదీ, తమను ఒక్క క్షణం ఆపి ఆలోచనలో పడేసిన పేజీ నంబరు, ఒక్క వాక్యం రాయాలి. ఇంతకంటే ఏమీ అడగొద్దు. మార్కులు, క్విజ్, సారాంశం రాయండి లాంటివి పెట్టారో అది సిలబస్ అయిపోతుంది. వారానికోసారి ఆఖరి పీరియడ్‌లో లైబ్రరీలో గుండ్రంగా కూర్చుంటాం. అడిగేది ఒకటే, “ఎక్కడ ఆగావు, ఎందుకు?” మాస్టార్లు కూడా చదవాలి, అన్ని సబ్జెక్టులవాళ్లూ. కెమిస్ట్రీ సారు పుస్తకం పట్టుకుని కారిడార్‌లో కనిపిస్తే, అది మేం అతికించిన పోస్టర్లన్నిటికంటే ఎక్కువ పనిచేసింది.

ఊళ్లోకి తీసుకెళ్లడం ఇంకా ఇష్టమైన పని నాకు. చదవడం రానివాళ్లకు చదివి వినిపించాలి. మా పిల్లలిద్దరు డ్వాక్రా సంఘం మీటింగు అయిపోయాక ఒక కథ పైకి చదివారు. అందులో ఒక ముసలావిడ బియ్యం డబ్బాలో డబ్బు దాస్తుంది. వింటూ వింటూ, బట్టలు కుట్టే ఒకావిడ అడ్డొచ్చి, “మా అమ్మ చింతపండు కుండలో దాచేదమ్మా, బియ్యం డబ్బా అయితే మగాళ్లు కూడా చెయ్యి పెడతారు” అంది. అంతే, ఇక కథ పక్కకుపోయి ఎవరి అమ్మ ఎక్కడ దాచిందో అరగంట మాట్లాడుకున్నారు. మేం ఆ మాట కాగితం మీద రాసుకొచ్చాం.

రచయితతో మాట్లాడేటప్పుడు అన్నీ ముందే చెప్పేయండి. ఎంతమంది చదువుతున్నారు, ఎంతసేపు ఉండాలి, రానూపోనూ టికెట్లు ఎవరు తీస్తారు, ఎక్కడ దింపుతారు, పారితోషికం ఎంత. “మీ అభిమానం చాలు” అని వాళ్లన్నా సరే, ఇవ్వాల్సింది ఇవ్వండి. కవరు వేదిక మీద కాదు, భోజనం అయ్యాక చేతికి. పెద్దవాళ్లయితే స్టేషన్‌కు కారు పంపండి, ముందురోజు రాత్రే రప్పించి నిద్రపోనివ్వండి. వారం ముందు పిల్లల ప్రశ్నలు ఓ ఇరవై పంపితే వాళ్లకీ తయారవడానికి వీలు.

ఆ రోజు వేదిక వద్దు. లైబ్రరీలోనో చెట్టు కిందో కుర్చీలు గుండ్రంగా వేయండి. ప్రిన్సిపాల్ గారికి ఐదు నిమిషాలు, అదీ ముందే బతిమాలుకుని. శాలువా తప్పదంటే చివర్లో ఒక్కటి. మొదట రచయిత మాట్లాడకూడదు, ఇద్దరు పిల్లలు తమకు నచ్చిన పేజీ చదవాలి. తన వాక్యం ఇంకొకరి గొంతులో వింటుంటే రచయిత ముఖం ఎలా మారుతుందో మీరే చూస్తారు. తర్వాత ప్రశ్నలు, మొదటి ప్రశ్న ఊరివాళ్లకు. మా దగ్గర ఆ కుట్టుమిషన్ ఆవిడే లేచి, ఆ ఏడు వచ్చిన రచయితను “అయ్యా, మా అమ్మ చింతపండు కుండలో దాచేది, మీరు బియ్యం డబ్బా ఎందుకు పెట్టారు?” అని అడిగింది. ఆయన కాసేపు ఆగి, “మా నాయనమ్మ అక్కడే దాచేది. మా తాత తీసేసుకునేవాడు. మీరు చెప్పిన కుండ సంగతి ఆవిడకి తెలిసుంటే బాగుండేది” అన్నారు. నచ్చలేదని చెప్పే పిల్లల్ని ఆపకండి. ఎందుకు నచ్చలేదో చెప్పమనండి, చాలు.

సంతకాలకు అరగంట వదిలిపెట్టండి. మా దగ్గర ఆయన సంతకం పెట్టే ముందు ప్రతి పుస్తకం వెనక అట్ట తిప్పి పేర్లు చదివారు. ఒక కాపీలో కాఫీ మరక కింద “47వ పేజీ. మా అక్క గుర్తొచ్చింది” అని ఉంటే, ఆ అమ్మాయి ఎవరో అడిగి పిలిపించుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

అన్నీ అయ్యాక పది కాపీలు శాఖా గ్రంథాలయానికి ఇచ్చేయండి, మిగతావి పక్క ఊరి జూనియర్ కాలేజీకి. వెనక కాగితాలు చింపకండి. కొత్త కమిటీని ఆ వారంలోనే వేసేయండి, ఆ వేడి తగ్గకముందే వచ్చే ఏటికి చదవాల్సిన మూడు పుస్తకాలు వాళ్ల చేతుల్లో పెట్టేయండి.