జింక పిల్లలు పుట్టకముందే కయోటీల పని చూసుకోవాలి

కయోటీ అమెరికాలో తిరిగే కుక్క జాతి అడవి జంతువు, తోడేలుకి చిన్న, నక్కకి పెద్ద. నిండు జింకని అది పడగొట్టడం అరుదు. దాని కన్నంతా పుట్టిన కొత్తలో గడ్డిలో కదలకుండా పడుకునే పిల్లల మీదే. టెక్సాస్‌లో వేట కోసం భూమి కొన్నా, లీజుకి తీసుకున్నా ముందు తేల్చుకోవాల్సింది మీ దగ్గర ఈతల కాలం ఎప్పుడన్నది. తెల్లతోక జింక దాదాపు 200 రోజులు మోస్తుంది. మధ్య టెక్సాస్‌లో నవంబర్‌లో జతకడితే మే చివర, జూన్‌లో ఈనుతుంది; దక్షిణాన డిసెంబర్‌లో జతకడతాయి కాబట్టి జూలై దాకా సాగుతుంది.

ట్రాపింగ్, అంటే ఉచ్చులు పెట్టి కయోటీల్ని పట్టడం, ఆ ఈతలకి ముందు రెండు నెలల్లో జరగాలి. శరదృతువులో స్టాండ్ (వేటగాడు కూర్చునే మంచె) మీద నుంచి కంటబడ్డ కయోటీనల్లా కాలిస్తే తుపాకీ దురద తీరుతుందేమో గానీ, సొంత హద్దు లేక తిరిగే కయోటీలు ఈతల నాటికి ఆ ఖాళీలో చేరిపోతాయి.

ట్రాప్ పెట్టే చోటు ముఖ్యం: మట్టిదారులు కలిసే మలుపులు, చేను మూలలు. నేలలోకి ఏటవాలుగా ఆరేడు అంగుళాల గుంత తీసి అడుగున ఎర వేయండి. ఫుట్‌హోల్డ్ ట్రాప్‌ని (కాలు పట్టుకునే ఇనుప ఉచ్చు) గుంత ముందు, 8 నుంచి 10 అంగుళాల దూరంలో పాతండి. కయోటీ గాలివాలు వైపు నుంచి వాసన పట్టుకుంటూ వస్తుంది, కాబట్టి ట్రాప్ కూడా ఆ వైపే ఉండాలి. పైన జల్లించిన మట్టి పావు అంగుళం చాలు. ట్రాప్ కింద గట్టిగా కూరుకుని ఉండాలి. కాలు పెట్టగానే కాస్త కదిలిందా, అక్కడ తవ్వి ట్రాప్‌ని బయటేసి పోతుంది. ట్రాప్ మధ్యలో కాలు పడే పలక రెండు మూడు పౌండ్ల బరువుకి పడేలా బిగిస్తే చిన్న జంతువులు చిక్కడం తగ్గుతుంది. ఇసుక నేలలో ట్రాప్‌ని కట్టిన ఒక్క మేకు ఊడొస్తుంది, రెండు అడ్డంగా దిగ్గొట్టండి. రబ్బరు గ్లౌజులు తప్పనిసరి, మనిషి వాసన అంటకూడదు.

టెక్సాస్‌లో బొచ్చు కోసం పట్టే జంతువుల ట్రాపుల్ని 36 గంటలకి ఒకసారైనా చూడాలన్న నియమం ఉంది. కయోటీ ట్రాపుల్ని రోజూ పొద్దున్నే చూడటం మేలు. పక్క భూమి వాళ్లకి ముందే చెప్పండి. వాళ్ల కుక్క చిక్కితే తల మీద కోటు కప్పి, ట్రాప్ రెండు వైపుల మీటల్ని పాదాలతో తొక్కితే కాలు పట్టిన ట్రాప్ దవడలు తెరుచుకుంటాయి. విషం జోలికి మాత్రం పోవద్దు. చట్టం ఒప్పదు, చచ్చేది కయోటీ ఒక్కటే కాదు.

కాల్చేముందు అది కుక్క కాదని తేల్చుకోండి. తూర్పు నార్త్ కరోలినాలో అయితే ఎర్ర తోడేలు కావచ్చు, దానికి కేంద్ర చట్టం రక్షణ ఉంది. కళేబరాన్ని వట్టి చేతులతో ముట్టొద్దు: రేబిస్, గజ్జి, బద్దె పురుగులు. మీ కుక్కకి టీకా వేయించే ఉంచండి.

ఇంతకన్నా చవకైన పని గడ్డిని వదిలేయడం. ఈతల కాలమంతా కోత యంత్రం దించకండి. సన్నని పట్టీల్లా మిగిల్చిన గడ్డిని కయోటీ అంచు పట్టుకుని సులువుగా వెతికేస్తుంది. అందుకే మోకాలు దాటిన గడ్డి పెద్ద మడులుగా ఉండాలి.

ఆగస్టులో కెమెరాలు పెట్టి ఆడ జింకకి ఎన్ని పిల్లలు వెంట ఉన్నాయో లెక్క రాసుకోండి. ఏటా అదే చోట్లు, అన్నే రోజులు. ట్రాపింగ్ చేశాక కూడా ఆ లెక్క పెరగకపోతే ఆ సీజన్లో ఆడ జింకల వేట తగ్గించండి.