హెడ్ బోల్టు దించే ముందు రంధ్రంలోకి చూడండి

మారుతి 800 లాంటి పాత కారు ఇంజిన్‌ను ఇంట్లోనే విప్పి కట్టేవాళ్లు హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కూ, దాని కింది బ్లాక్‌కూ మధ్య ఉండే పొర) కొత్తదే వేస్తారు, బోల్టు చాలినంత బిగిశాక టక్కుమనే టార్క్ రెంచ్ కూడా తెచ్చుకుంటారు. బ్లాక్‌లోని బోల్టు రంధ్రాలను మాత్రం పట్టించుకోరు. అడుగు మూసుకున్న రంధ్రంలో కాస్త కూలెంటో ఆయిలో నిలిచి ఉంటే, బోల్టు దిగేకొద్దీ దానికి పోయే దారి ఉండదు. ఆ ద్రవం అడ్డుపడి రెంచ్ టక్కుమంటుంది గానీ హెడ్ సరిగ్గా బిగిసి ఉండదు. ఒక్కోసారి ఆ ఒత్తిడికి బ్లాకే పగులుతుంది. అది పగిలితే ఇక ఖర్చు గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది.

సన్నటి పుల్లకు గుడ్డ చుట్టి అడుగుదాకా దించండి, పొడిగా బయటికి రావాలి. కంప్రెసర్ గాలి కొడితే ఇంకా మేలు. కళ్లద్దాలు పెట్టుకోండి, ఆ మురికంతా ముఖం మీదికే చిమ్ముతుంది. బోల్టు మరలకు ఆయిల్ రాయాలా వద్దా అన్నది మాన్యువల్ చెప్పినట్టే.