అతుకుల బొంత మీద కుట్టు డిజైన్ కుదరడం లేదా? లోపం, కారణం, సరిచేసే దారి

ముక్కలన్నీ అతికి బొంత పై పొర సిద్ధం చేసుకున్నాక చాలామంది ఆగిపోయేది ఒక్క ప్రశ్న దగ్గరే: దీని మీద ఏ డిజైన్ కుట్టాలి? ఎక్కడో చూసి నచ్చిన బొమ్మతో మొదలుపెట్టేస్తాం. సగం కుట్టాకో, ఒకసారి ఉతికాకో తేడా బయటపడుతుంది. ఆ తేడాలు చాలావరకు చేతిపనిలో లోపం వల్ల వచ్చేవి కావని నా నమ్మకం. ఎంచుకునే వరస తారుమారైతే వస్తాయి. ముందు లోపలి పొర ఏమిటో చూడాలి, తర్వాత గుడ్డ రకం, ఆ తర్వాతే బొమ్మ.

ఉతికాక లోపలి పొర ఉండలు కట్టింది

కుట్టుకీ కుట్టుకీ మధ్య ఖాళీ ఎక్కువైంది. రెండు గుడ్డల మధ్య వేసే మెత్తని పొరను బ్యాటింగ్ అంటారు. దాని ప్యాకెట్ మీద ఎంతెంత దూరంలో కుట్టాలో రాసి ఉంటుంది. కొన్ని కాటన్ రకాలకు 3, 4 అంగుళాలకు మించకూడదు. పల్చని వల లాంటి పొర కలిపి తయారుచేసిన రకాలు 8 నుంచి 10 అంగుళాల దాకా తట్టుకుంటాయి. డిజైన్ కాగితం మీద గీయగానే అందులో అన్నిటికన్నా పెద్ద ఖాళీని టేపుతో కొలవండి. ప్యాకెట్ మీది అంకె దాటితే ఆ ఖాళీలో ఇంకో గీత కలపండి. ఒకసారి ఉండలు కట్టిన పొర మళ్లీ సమంగా పరుచుకోవడం చాలా కష్టం. అందుకే ఈ కొలత ముందే చూసుకోమంటాను.

బొంత నేల మీద సమంగా పరుచుకోవడం లేదు, అంచులు అలల్లా లేస్తున్నాయి

నేను కుట్టిన మొదటి పెద్ద బొంతకు ఇదే జరిగింది. మధ్య బ్లాకుల్లో (ముక్కలు అతికి చేసిన గడుల్లో) ఈకల డిజైను, దాని చుట్టూ సన్నని మెలికలు ఇష్టంగా కుట్టాను. అంచు పట్టీకి వచ్చేసరికి ఓపిక అయిపోయి రెండు గీతలతో సరిపెట్టాను. కుట్టు దట్టంగా పడినచోట గుడ్డ లోపలికి లాక్కుంటుంది, పలచగా ఉన్నచోట అలాగే ఉండిపోతుంది. మధ్యభాగం చిన్నదై, అంచు పొడవు మిగిలిపోయి, అలలు లేచాయి. అంచులు దట్టంగా, మధ్య పలచగా కుడితే మధ్యలో బుడగలా ఉబ్బుతుంది.

విప్పడం కన్నా కలపడం తేలిక. పలచగా ఉన్న అంచులో సమాన దూరంలో గీతలు కలుపుతూ పోయాను. అలలు పూర్తిగా పోలేదు గానీ బొంత పరుచుకుంది. ఇప్పుడు డిజైన్ అనుకోగానే కాగితం మీద అక్కడక్కడా అరచేయి పెట్టి చూస్తాను. ఎక్కడ పెట్టినా చేతి కింద కుట్టు ఇంచుమించు ఒకే మోతాదులో ఉండాలి. బొమ్మ మారినా పర్వాలేదు, దట్టం మారకూడదు.

ఇంత కష్టపడి కుడితే ఏమీ కనిపించడం లేదు

పూలూ చుక్కలూ నిండిన ప్రింటు మీద ఎంత నాజూకు పని చేసినా అందులో కలిసిపోతుంది. అలాంటి గుడ్డలకు గడులు, అలల గీతలు, మెలికలు చాలు. ఈకలు, పూలు, వలయాలు సాదా గుడ్డ ఉన్న బ్లాకుల కోసం దాచుకోండి. సాదా గుడ్డ మీద వంకర కుట్టు కూడా అంతే స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి, చేయి ఇంకా కుదరనివాళ్లు అక్కడ గుడ్డ రంగు దారమే వాడటం మంచిది. ముక్కల్లో చాలా రంగులుంటే మధ్యస్థంగా ఉండే బూడిద రంగు దారం ఎక్కువ చోట్ల ఒదిగిపోతుంది.

కుట్టు ఒకవైపు, ముక్కల డిజైన్ ఒకవైపు లాగుతున్నట్టుంది

త్రిభుజాలు, నక్షత్రాల మీద మళ్లీ కోణాల గీతలే వేస్తే కన్ను ఎక్కడా నిలవదు. కోణాల ముక్కలకు వంపుల కుట్టు, వంపుల ముక్కలకు తిన్నని గీతలు బాగా నప్పుతాయి. ముక్కలే ముఖ్యంగా కనబడాలంటే అతుకు గాడిలోనే కుట్టండి, లేదా అతుక్కి పావు అంగుళం లోపలగా. సందేహం ఉంటే పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు బొంత మీద పరిచి, దానిపై మార్కరుతో గీసి చూడండి. సిరా గుడ్డకు అంటకుండా షీటు అంచులకు రంగు టేపు అంటిస్తే గీత ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

బొంత అట్టలా బిగుసుకుంది

అర అంగుళానికో గీత చొప్పున మొత్తం నింపేస్తే అంతే. గోడకు వేలాడదీసే దానికి అది బాగుంటుంది. కప్పుకునే బొంతకు 2 నుంచి 4 అంగుళాల దూరం ఒంటికి హాయిగా ఉంటుంది, లోపలి పొర ఒప్పుకుంటే.

పక్కపక్క గీతల మధ్య ఏటవాలు ముడతలు

ఒక గీత కిందికి, పక్క గీత పైకి కుడితే పై గుడ్డ చెరోవైపు జరుగుతుంది. మిషన్‌కి వాకింగ్ ఫుట్ (పై గుడ్డనూ అడుగు గుడ్డనూ కలిపి సమంగా జరిపే పాదం) బిగించి, మధ్య గీతతో మొదలుపెట్టి బయటి గీతల వైపు వెళ్తూ, అన్నిటినీ ఒకే దిక్కుగా కుట్టండి. అంతకుముందే మూడు పొరలనూ కలిపి 4 అంగుళాలకో పిన్నీసు పెట్టుకోండి. అయినా ముడత పడితే ఆ గీత విప్పక తప్పదు. అడుగువైపు నుంచి ప్రతి మూడో నాలుగో కుట్టు తెంపితే పైదారం ఒక్క లాగుకి వచ్చేస్తుంది. మిగిలిన సూది బెజ్జాల మీద కొద్దిగా నీళ్లు చల్లి, గోటితో అటూ ఇటూ సుతారంగా రుద్దితే కాటన్ గుడ్డలో చాలావరకు మూసుకుపోతాయి.