బహుపదుల శూన్యాలు, 4వ పాఠం: మధ్యలో పదం ఎక్కడికి పోయింది?

పోయిన పాఠం చివర్లో య³ − 7య + 6 ఇచ్చి శూన్యాలు, అంటే ‘య’ చోట ఏ సంఖ్యలు వేస్తే మొత్తం 0 అవుతుందో, కనుక్కోమన్నాను. వచ్చిన జవాబుల్లో చాలావాటిలో ‘1, 6’ అనే ఉంది. ఇక్కడ పర్లాకిమిడిలో సాయంత్రం నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే పిల్లలు కూడా, ఒడియా మీడియం ఇంగ్లిష్ మీడియం తేడా లేకుండా, అదే రాశారు. అందుకే ఇవాళ చెప్పాలనుకున్న భిన్నాల శూన్యాలు పక్కన పెట్టి ముందు దీని సంగతి చూద్దాం. (ఎక్స్ బదులు ‘య’ రాయడం నా అలవాటు, గుణకారం గుర్తుతో గొడవ ఉండదు.)

ఒక అమ్మాయి నోట్సు తెరిచాను. గుణకాలు 1, −7, 6 అని వరసలో రాసి, ఎడమవైపు 1 పెట్టి, సింథటిక్ డివిజన్ మొదలుపెట్టింది (గుణకాలతోనే చేసే భాగహారం ఇది: కింద వచ్చినదాన్ని ఎడమవైపు సంఖ్యతో హెచ్చించి పక్క గుణకానికి కలుపుతూ పోవడమే, చివర మిగిలేది శేషం). 1 కిందికి దిగింది, −7కి 1 కలిపితే −6, 6కి −6 కలిపితే 0. శేషం సున్నా. భాగఫలం య − 6 కాబట్టి రెండోది 6 అని రాసి, ఎర్ర పెన్నుతో టిక్కు కూడా తనే కొట్టేసుకుంది. 6 వేసి చూడమ్మా అన్నాను. 216 − 42 + 6, మొత్తం 180.

“మరి శేషం సున్నా వచ్చింది కద సార్?”

వస్తుంది మరి. 1ని ఎన్నిసార్లు హెచ్చించినా 1 కనుక, య = 1 దగ్గర మనం చూసేది గుణకాల మొత్తమే, అందులో సున్నా రాసినా రాయకపోయినా మొత్తం మారదు. అందుకే తప్పు వరస కూడా ఒప్పులా కనిపించింది. నిజానికి ఆ అమ్మాయి చేసింది య² − 7య + 6 అనే వేరే లెక్క. అదే వరసలో 2 పెట్టి ఉంటే శేషం −4 వచ్చేది, అసలు శూన్యమైన 2ని కాదని కొట్టేసేది!

య² పదం కనబడకపోతే అది లేదని కాదు, దాని గుణకం 0 అని. నౌపడా నుంచి గుణుపూర్ పోయే బండి మా స్టేషన్‌లో ఆగినప్పుడు ఒక్కరూ ఎక్కలేదని స్టేషనే తీసెయ్యరు కదా. 105 రూపాయల బిల్లుని 15 అని రాస్తే కొట్టువాడు ఊరుకుంటాడా? అక్కడ సున్నా వదలని వాళ్లు ఇక్కడెందుకు వదుల్తారో నాకర్థం కాదు.

సరైన వరస 1, 0, −7, 6. ఇప్పుడు 1తో భాగిస్తే 1, 1, −6, శేషం 0. భాగఫలం య² + య − 6, అంటే (య + 3)(య − 2). శూన్యాలు 1, 2, −3. య + 3 నుంచి −3 ఎందుకొచ్చిందో మళ్లీ చెప్పను.

మూడో ఘాతం బహుపదిని ఒకసారి భాగిస్తే భాగఫలం రెండో ఘాతమే రావాలి, య − 6 వచ్చినప్పుడే అనుమానం రావాల్సింది. నేనైతే ఇంకో పని చేస్తాను: మూడో ఘాతంలో య² లేకపోతే శూన్యాల మొత్తం సున్నా, 1 + 2 − 3 కూడి చూసి పేజీ తిప్పేస్తాను. పరీక్షలో ఇది రాయకండి, రఫ్‌లో చూసుకోండి.

య³ − 4య లాంటిదైతే సింథటిక్ డివిజన్ దాకా ఎందుకు, ‘య’ని బయటికి తీసేస్తే 0, 2, −2.

ఈ వారానికి ఒక్కటే లెక్క: య⁴ − 15య² + 10య + 24. వరసలో ఐదు అంకెలు ఉండాలి, శూన్యాలు నాలుగు, అన్నీ పూర్ణసంఖ్యలే. 1తో మొదలుపెట్టకండి, అది కాదు. రెండుసార్లు భాగించాక మిగిలిన రెండో ఘాతాన్ని ఫార్ములా లేకుండా విడగొట్టండి. జవాబొక్కటే పంపితే చూడను, భాగహారం వరసలన్నీ కావాలి.