వేట తూటా నింపేవాళ్లకి: ముందు బోల్టు మూసుకోవాలి

ఒక చలికాలం తెల్లవారుజామున నా రైఫిల్ బోల్టు, అంటే తూటాని లోపలికి తోసి వెనకనుంచి మూసే కడ్డీ, సగంలో ఆగిపోయింది. వంద గజాల దూరంలో జింక తల దించుకుని మేస్తోంది. హ్యాండిల్ మీద ఎంత నొక్కినా కిందికి దిగదు. ఆ తూటా లాగేసి ఇంకోటి తోశాను, అదీ అంతే. ఇనుము చప్పుడుకి జింక చెవులు నిక్కించి, రెండంగల్లో పొదల్లోకి దూరిపోయింది. ఆ తూటాలు కాల్చిన కేసుల్లో (ఇత్తడి గొట్టాల్లో) మళ్లీ మందు, బుల్లెట్ పెట్టి నేను నింపినవే. రేంజిలో అయిదూ చొక్కా గుండీ అంత చోట పడ్డాయని మురిసిపోయిన లోడు అది.

అప్పటినుంచి నాకు వేట తూటా అంటే ముందు చాంబర్లోకి (తుపాకీలో తూటా కూర్చునే గది) జారాలి, తుపాకీ సూది తగలగానే పేలాలి, ఖాళీ కేసు తేలిగ్గా బయటికి రావాలి. గురి సంగతి ఆ తర్వాత.

తూటాలు నింపడానికి చాలా చోట్ల లైసెన్సు ఉండాలి, కొన్ని చోట్ల అసలు ఒప్పుకోరు. మీ చట్టం ఏమంటుందో తెలుసుకున్నాకే తూటాలు నింపే ప్రెస్సు బల్లకి బిగించండి. ఏ మందు ఎన్ని గ్రెయిన్లు (మందు తూచే కొలత) పొయ్యాలో నేను రాయను. ఆ లెక్క మందు కంపెనీ, బుల్లెట్ కంపెనీ అచ్చువేసిన మాన్యువల్లోంచే తీసుకోవాలి. ఎవరో నోటిమాటగా చెప్పిన అంకెని, అది నేను చెప్పినా సరే, నమ్మకండి.

నా పొరపాటు కేసు దగ్గర జరిగింది, అందుకే దాని గురించే ఎక్కువ చెబుతాను. తూటా పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి చాంబర్ గోడలకి అంటుకుంటుంది, తర్వాత కాస్త వెనక్కి తగ్గుతుంది, పూర్తిగా తగ్గదు. నేను మెడ (బుల్లెట్ కూర్చునే పైభాగం) మాత్రమే సరిచేసే డై (కేసుని తిరిగి కొలతకి నొక్కే అచ్చు) వాడేవాణ్ణి. ఇత్తడి ఎక్కువకాలం మన్నుతుందని ఆశ. నాలుగుసార్లు కాల్చేసరికి భుజం (మెడ కింది వాలు) కొంచెం కొంచెంగా ముందుకి జరిగి చాంబర్‌కి బిగుతైపోయింది. ఇప్పుడు వేట కేసులన్నిటికీ పూర్తి నిడివి డైయే, మెడతోపాటు కేసు ఒళ్లంతా సరిచేసేది. భుజాన్ని అంగుళంలో రెండు వేలవ వంతులు, అంటే 0.05 మిల్లీమీటర్లు వెనక్కి నెడతాను. దీన్ని కొలిచే గేజి కాలిపర్‌కి తగిలించుకోవచ్చు. కాల్చిన కేసుని ముందు కొలిచి, డై కొంచెంకొంచెంగా దించుతూ మళ్లీ కొలవాలి. ఎక్కువ నెట్టేస్తే ఇంకో ప్రమాదం: ప్రతిసారీ ఇత్తడి సాగి అడుగుకి కాస్త పైన లోపలి గోడ పలచబడుతుంది. చివరికి కేసు అక్కడే తెగుతుంది.

ఆ పలచదనం కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది. పేపర్ క్లిప్పు నిటారుగా సాగదీసి, కొసని చిన్న కొక్కెంలా వంచండి. కేసులోకి దించి అడుగునుంచి గోడ వెంట మెల్లగా పైకి లాగండి. మంచి కేసులో నున్నగా జారుతుంది. చెడ్డదాంట్లో అడుగుకి కొంచెం పైన చిన్న గుంటలో పడి టక్కున తట్టుకుంటుంది. బయట అదే ఎత్తులో ఒక్కోసారి మెరిసే గీత కనిపిస్తుంది. అలాంటి కేసుని ప్లయర్తో నలిపి పారేయండి, పొరపాటున కూడా మళ్లీ బల్ల మీదికి రాకూడదు.

డైలోకి పెట్టేముందు కేసుకి లూబ్ (జారుడు కోసం రాసేది) పల్చగా రాయాలి. తక్కువైతే డైలో ఇరుక్కుంటుంది, ఎక్కువైతే భుజం మీద సొట్ట పడుతుంది. తర్వాత తుడిచెయ్యండి. నిడివీ కొలవండి: .308 విన్‌చెస్టర్‌కి (ఒక తూటా రకం) గరిష్ఠం 2.015 అంగుళాలు, కత్తిరించేది 2.005కి. పొడవు పెరిగిన మెడ చాంబర్ కొసకి నొక్కుకుని బుల్లెట్‌ని పట్టేస్తే పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది.

ప్రైమర్ (సూది తగలగానే మందుని అంటించే చిన్న గిన్నె) కేసు అడుగు మట్టానికి కొంచెం లోపలే కూర్చోవాలి. పైకి తేలి ఉంటే సూది బలం దాన్ని లోపలికి నెట్టడానికే ఖర్చై, పేలకపోవచ్చు. కూర్చోబెట్టిన ప్రతిదాని మీదా బొటనవేలు పోనిస్తాను, ఎత్తుగా ఉంటే వెంటనే తెలుస్తుంది.

మందు పోసేటప్పుడు బల్ల మీద ఒకే డబ్బా. పని అయ్యాక మిగిలింది దాని డబ్బాలోకే. త్రాసుని తెలిసిన తూకంరాయితో సరిచూసుకుని మొదలుపెట్టండి, మధ్యలో ఇంకోసారి చూడండి. మాన్యువల్లో ఉన్న తక్కువ లెక్కతో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా వెళ్లాలి. బోల్టు ఎత్తడం బరువైతే, కేసు అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసుని బయటికి విసిరే భాగం) ముద్ర పడితే పీడనం ఎక్కువైనట్టే, అక్కడే ఆపి వెనక్కి రండి. చల్లటి రోజు బాగున్న లోడు మండే ఎండలో పీడనం పెంచవచ్చు, అందుకే నేను అంచుదాకా ఎప్పుడూ వెళ్లను. యాభై కేసులూ దిమ్మెలో నిలబెట్టి, బుల్లెట్లు పెట్టేముందు టార్చి వేసి ఒక్కో నోట్లోకి చూస్తాను. మందు మట్టం అన్నిట్లో ఒకేలా ఉండాలి. ఆ కాసేపు ఫోను పక్కగదిలో ఉంటుంది, ఎవరైనా పలకరించినా బదులివ్వను.

బుల్లెట్ ఎంత లోతు కూర్చోవాలో మీ తుపాకీ మ్యాగజైనే (తూటాలు వరసగా పట్టే పెట్టె) చెబుతుంది. రైఫ్లింగుకి (గొట్టం లోపలి మెలిక గీతలకి) దగ్గరగా పెడితే గురి కుదురుతుందని పొడుగ్గా వదిలేస్తే మ్యాగజైన్లో పట్టదు. గీతలకి ఆనితే పీడనం పెరుగుతుంది, పేలని తూటాని బయటికి లాగినప్పుడు బుల్లెట్ గొట్టంలోనే ఉండిపోయి మందు యాక్షన్లో ఒలికిపోవచ్చు. గొట్టపు మ్యాగజైన్ ఉన్న లీవర్ తుపాకీకి మొనదేలిన గట్టి బుల్లెట్లు పెట్టనే కూడదు, వెనక తూటా మొన ముందుదాని ప్రైమర్ మీదే ఆనుకుంటుంది. మృగానికి వేట బుల్లెట్టే. కాగితం మీద గురికి చేసిన పలచటి బుల్లెట్ పైపైనే చిట్లి జంతువుని గాయపరిచి వదిలేస్తుంది, అది నేను భరించలేను.

ఆ రోజు నేను చెయ్యనిది, ఇప్పుడు మానకుండా చేసేది ఇది. నిజానికి దీన్ని మందు పొయ్యకముందే మొదలుపెడతాను: సైజు చేసిన కేసుకి మందూ ప్రైమరూ లేకుండా బుల్లెట్ మాత్రం కూర్చోబెట్టిన డమ్మీతో బోల్టు మూసి చూస్తాను. ఆ తర్వాత, వేటకి తీసుకెళ్లే ప్రతి తూటానీ రేంజిలో, గొట్టం మట్టికట్ట వైపు తిప్పి, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా పెట్టి, మ్యాగజైన్లోంచి చాంబర్‌కి ఎక్కించి దింపుతాను. బోల్టు తన బరువుకే దిగినట్టు మూసుకోవాలి. కాస్త బిగువుగా తగిలినా దాన్ని పక్కన పెట్టేస్తాను. జారినవాటిని ఇరవై చొప్పున ఒక్కో డబ్బాలో పెట్టి మూత మీద మందు, తూకం, బుల్లెట్, కేసు ఎన్నోసారి కాల్చిందో, తేదీ రాస్తాను. తర్వాత సీసం అంటిన చేతులు సబ్బుతో కడుక్కునిగానీ టీ గ్లాసు ముట్టను.