తుమ్మ మొద్దులు పచ్చిగా ఉన్నప్పుడే చీల్చేయండి

వానాకాలానికి కట్టెలు పోగేసేవాళ్లకు ఒక మాట. సర్కారు తుమ్మ కొట్టించాక మొద్దులు ఎండనిచ్చి తర్వాత చీలుద్దాం అనుకుంటారు చాలామంది. ఎండితే అది రాయి, గొడ్డలి ఎగిరి పడుతుంది. పచ్చిగా ఉన్నప్పుడే చీల్చేస్తే చెయ్యి నొప్పి తగ్గుతుంది, కట్టె కూడా త్వరగా ఆరుతుంది. చీల్చేటప్పుడు కణుపు మీద వేటు వెయ్యకండి. మొద్దు నిలబెట్టి, కొసన పగులు ఎటు పోతుందో చూసి దాని వెంటే కొట్టండి. మొండికేస్తే ఇనుప చీల పెట్టి సమ్మెటతో దిగ్గొట్టడమే. చింత మొద్దు జోలికి మాత్రం ఒంటరిగా పోవద్దు, దాని నార మెలి తిరిగి ఉంటుంది.

పేర్చేటప్పుడు అడుగున రాళ్లు పెట్టి, పైన మాత్రమే రేకు కప్పండి. చుట్టూ పట్టా బిగిస్తే లోపల బూజు పడుతుంది. ఆరిందా లేదా అన్నది రెండు కట్టెలు తాటిస్తే తెలుస్తుంది: టంగుమంటే ఆరినట్టు, దబ్బుమంటే ఇంకా తడి ఉన్నట్టు.

పొయ్యి అంటించడానికి కంది కట్టె, ఎండు కొబ్బరి మట్ట చాలు. భగ్గున మండి ఆరిపోతాయి, అందుకే వాటి మీద సరుగుడు వెయ్యండి. బిర్యానీ దమ్ముకి నిప్పులు కావాలంటే తుమ్మే, లేదా చింత. మునగ కట్టె దండగ.

గన్నేరు కొమ్మలు ఎండి ఎంత బాగా కనిపించినా పొయ్యిలో పెట్టకండి. దాని పొగ కూడా విషమే.